జెనోవాలో జనవరి: చలి, తేమ, కొండదారులు

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలోని జెనోవాలో చదువుకుంటున్నాడు. జనవరి, ఫిబ్రవరి నెలలు మేమిద్దరం వెళ్ళి ఉందామనుకుంటున్నాం. మంచు పడుతుందా? హీటర్ వేస్తే కరెంటు పోతోందంటున్నాడు, ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: మంచుకి భయపడక్కర్లేదమ్మా. జెనోవా ఉన్న లిగూరియా తీరానికి వెనకున్న కొండలు ఉత్తరపు చలిని చాలావరకు ఆపుతాయి. జనవరిలో పగలు 11, 12 డిగ్రీలు, రాత్రి 5, 6 ఉంటుంది. అరకు చలి చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇబ్బంది పెట్టేది ట్రమొంటానా అనే ఉత్తరపు గాలి. అది కొండ సందుల్లోంచి దిగిన రోజు గొడుగు నిలవదు. లావు స్వెట్టర్ ఒక్కటే నమ్ముకోకండి. పల్చటి ఉన్నివి రెండు పొరలు, పైన గాలీ వానా చొరని జాకెట్ వేసుకోండి. చీర కడితే లోపల థర్మల్ ప్యాంటు, కాళ్ళకి బూట్లు తప్పవు.

అసలు జాగ్రత్త ఇంట్లో కావాలి. అక్కడ ఇళ్ళు వెచ్చబెట్టే తేదీలు, గంటలు చట్టమే చెబుతుంది. జెనోవాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకి 12 గంటలకు మించకూడదు. పడమరనున్న ఇంపీరియా ఊళ్ళో అయితే నవంబరు 15 నుంచి మార్చి 31 దాకా, 10 గంటలే. మిగతా వేళల్లో చలేస్తే జనం కరెంటు హీటర్ వేస్తారు. చాలా ఇళ్ళ కనెక్షన్ 3 కిలోవాట్లే. 2,000 వాట్ల హీటర్ నడుస్తుండగా 2,000 వాట్ల కెటిల్, ఓవెన్ కూడా పెడితే మీటరే కట్ చేసేస్తుంది. వైరింగ్ లోపం కాదు. ఒకటి ఆపేసి, మీటరు మీది మీట పైకెత్తాలి. చాలాచోట్ల మీటరు ఇంట్లో కాక, కింది అంతస్తులో మెట్ల దగ్గరుంటుంది. ఎక్కడుందో వెళ్ళిన రోజే అబ్బాయినడిగి చూసుకోండి.

ఇంకొకటి బూజు. అన్నం ఉడికిన ఆవిరి కిటికీ అద్దం మీద చుక్కలు కట్టిందంటే, అదే నీరు బీరువా వెనక చల్లటి గోడకీ పడుతోందన్నమాట. వారంలో నల్లమచ్చలు మొదలవుతాయి. పొద్దున్నా సాయంత్రం పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవండి. బీరువాని గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. తడిబట్టలు పడగ్గదిలో ఆరేయొద్దు.

ప్రశ్న: చలికాలంలో అదే తీరంలో ఉన్న చింక్వె తెర్రె ఐదు ఊళ్ళూ తిరగొచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తిరగొచ్చు, జనం పల్చగా ఉండి బాగుంటుంది కూడా. పడవలు మాత్రం వసంతం దాకా ఉండవు, రైలే గతి. దగ్గర్లోని లా స్పెజియా నగరంలో దిగి అక్కణ్ణుంచి మామూలు ప్రాంతీయ రైలు పట్టుకోండి. సీజన్ రైళ్ళు ఉండవు కాబట్టి ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గర యంత్రంలో ముద్ర వేయించాలి. మర్చిపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. ఆ ఐదింట్లో కొర్నీలియా ఊరు స్టేషన్ నుంచి 380 మెట్లకు దగ్గర్లో పైన ఉంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే ఆ ఒక్కటీ వదిలేయండి. డిసెంబరులో ఐదు కాకుండానే పొద్దుగుంకుతుంది.

వాన విషయం తేలిగ్గా తీసుకోవద్దు. వెచ్చని సముద్రం మీది తేమ నిటారు కొండలకి తగిలి ఒక్కచోటే కుమ్మరిస్తుంది. వాగులు పొట్టివి కాబట్టి నీరు నిమిషాల్లో ఊళ్ళోకొస్తుంది. 2011 అక్టోబరు 25న ఆ ఐదు ఊళ్ళలోని వెర్నాజా, మోంతెరోస్సో వీధులు బురదలో మునిగిందలా. తిత్లీ తుఫాను చూసిన మన ఉత్తరాంధ్రవాళ్ళకి వేరే చెప్పాలా! హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తారు. నారింజ వస్తే కొండదారులు మూసేస్తారు. ఆరోజు వాగుల పక్కకి వెళ్ళకండి.

ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ ఏం దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ఫరినాతా తినండి. శనగపిండి అట్టే, పొయ్యిలో కాలుస్తారు. ఇంట్లో చేయాలంటే 300 గ్రాముల పిండికి 900 మిల్లీలీటర్ల నీళ్ళు, చెంచాన్నర ఉప్పు. నాలుగు గంటలు నాననిచ్చి, పైకి తేలిన నురగంతా తీసేసి, 100 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె కలిపి, పళ్ళెంలో అర సెంటీమీటరు మందాన పోయాలి. ఓవెన్ ముందే 250 డిగ్రీలకు కాగి ఉండాలి, లేకుంటే అంచులు ఎండిపోయి మధ్యలో ముద్దగా మిగులుతుంది. తులసి జాతి ఆకులతో నూరే పెస్తో పచ్చడి మాత్రం అడిగి తినండి. అందులో వేసే పార్మిజానో చీజును దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. ఫొకాచా అనే రొట్టెలో మామూలుగా ఆలివ్ నూనే వాడతారు. కొందరు పందికొవ్వు కలుపుతారు కాబట్టి కొనేముందు "సెన్జా స్త్రుత్తో?" అనడగండి, కొవ్వు లేకుండానా అని.