రెక్కల గుర్రానికి రెక్కలు ఎక్కడ మొలవాలి

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు బొమ్మలు వేసిన చెక్క కానుక పెట్టెల ఫొటోలు చూశాం. మీ అత్తయ్యకు నీలం పెట్టె నచ్చింది. నాకు ఆ నీలం కంటే దాని అంచున నువ్వు లాగిన సన్నటి తెల్లగీత నచ్చింది. మూల తిరిగే చోట కూడా చెయ్యి వణకలేదు. ఏ కంపెనీ రంగులు కొనాలని అడిగావు. కొత్తవాళ్లందరూ ముందు అదే అడుగుతారు. బజారులో దొరికే మాదిరి ధర ఆక్రిలిక్ రంగులు నీ పనికి చాలు, ఆ సంగతి అంతటితో వదిలెయ్యి. నాకు పేచీ ఉన్నది నీ బొమ్మలతో.

ఒంటికొమ్ము గుర్రం, రెక్కల గుర్రం, సీతాకోక రెక్కల పిల్ల, నిప్పులు కక్కే డ్రాగన్, పుట్టగొడుగు ఇల్లు. అన్నీ ఫోనులో చూసి దించినవని ఇట్టే తెలిసిపోతోంది. దించడం తప్పని అనను, చెయ్యి తిరిగేది అలాగే. కానీ పనిగట్టుకుని నీ దగ్గరికి వచ్చి కానుక పెట్టె చేయించుకునేవాళ్లు తమ మనిషి కోసం చేయిస్తున్నారు. అదే గుర్రం అందరి పెట్టెల మీదా ఉంటే, వాళ్లు కొట్లో అచ్చువేసిన పెట్టెనే కొనుక్కుంటారు, నీకంటే చవకగా.

గుళ్లలో వాహనాలకు రంగులు వేసి బతికినవాణ్ని నేను. హంస, గరుడుడు, శేషుడు, అశ్వం. ఈ లోకంలో ఎక్కడా కనపడని జీవాలకు కళ్లు దిద్దాను. ఆ పనిలో మా గురువుగారు పట్టుబట్టిన పద్ధతి ఒకటుంది: ఒక్క బొమ్మలో ఒక్కటే కల్పన, మిగతాదంతా కళ్లతో చూసిందే ఉండాలి. శేషుడికి తలలు అయిదో ఏడో ఉండొచ్చు, పొలుసులు మాత్రం నిజం పాము పొలుసుల్లాగే ఒకదాని మీద ఒకటి వాలాలి. గుడి తోరణాల చివర మకరాన్ని ఎప్పుడైనా నిలబడి చూశావా? ఏనుగు తొండం, మొసలి దవడ, చేప తోక. మూడూ మనకు తెలిసినవే. శిల్పి కల్పించింది వాటి కలయిక ఒక్కటే. అందుకే చూసేవాడు నమ్ముతాడు.

నీ రెక్కల గుర్రం సంగతికి వద్దాం. దాని రెక్కలు నడుము మీద అంటించినట్టున్నాయి. పక్షికి రెక్కలంటే ముందరి కాళ్లే కదా, అవి భుజం దగ్గర, ఛాతీ కండలతో కలిసి ఉంటాయి. గుర్రానికి మొలిపించాలన్నా మెడ వచ్చి వీపుతో కలిసే చోటికి కొంచెం వెనక, భుజం మీదుగా మొలిపించాలి. అక్కడ కండ కాస్త ఉబ్బినట్టు నీడ వెయ్యి. ఇక ఈకలంటావా, ఇంటర్నెట్లో ఎక్కడో వెతకడం ఎందుకు? కాలువ గట్టు మీద ఒక పూట కూర్చుంటే గరుడ పక్షి నీ నెత్తి మీదే తిరుగుతుంది. తల, ఛాతీ తెలుపు. మిగతా ఒళ్లు ఇటుక రంగు. రెక్కల చివర్లు నలుపు. ఆ రెక్కలు తెల్లగుర్రానికి పెట్టి చూడు. గోదావరి వైనతేయ పాయ పక్కనే పుట్టి పెరిగినదానివి, వైనతేయుడంటే వినత కొడుకు గరుత్మంతుడే. పాలసముద్రంలో పుట్టిన తెల్లగుర్రం ఉచ్చైశ్రవం తోక రంగు మీద కద్రువ, వినత వేసుకున్న పందెం వల్లే కదా గరుత్మంతుడి కథంతా నడిచింది. గుర్రాన్నీ గరుడ రెక్కల్నీ ఒక పెట్టె మీద కలిపితే మన ముసలమ్మలు కూడా ఆ బొమ్మను చూసి కథ చెబుతారు.

ఆ ఒక్క కల్పననూ పెట్టె అందుకునే మనిషి జీవితం నుంచే తీసుకోవాలి. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడు ముందు ప్రశ్నలు వెయ్యి. పెట్టె తెరిచేది ఎవరు? లోపల ఏం దాస్తారు? ఇంట్లో ఎక్కడ పెడతారు? చిన్నప్పుడు ఆ మనిషి దేనికి భయపడేది, దేని వెంట పరిగెత్తేది? ఏ రంగు ఇష్టమని మాత్రం అడగకు. అందరూ గులాబీ అనో నీలం అనో అంటారు, దానితో నీకు ఒరిగేదేమీ లేదు.

గల్ఫ్‌లో ఉన్న భర్తకు పంపడానికి ఒకావిడ పెట్టె అడిగిందని రాశావు. ఆవిడకు నువ్వు వెయ్యాలనుకున్న మేఘాల కోట వద్దు. వాళ్ల ఇంటి వెనక రేవు, కట్టేసిన పడవ, కొబ్బరిచెట్లు ఉన్నవి ఉన్నట్టు వెయ్యి. ఆ పడవకు మాత్రం రెక్కలు పెట్టు. పసిపిల్లాడి పెట్టె అయితే మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలును తీసుకో. దాని వీపు మీద ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో వాళ్ల ఇల్లు. భయం గొలిపే అడవి కావాలంటే కోరింగ వెళ్లి మడ అడవిని చూసి రా. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఆ ఊపిరి వేర్లను ఉన్నవి ఉన్నట్టు గీసినా ఎవరో మాయలవాడు పాతిపెట్టిన వేళ్లలాగే ఉంటాయి. డ్రాగన్ అంటే పడిచచ్చే కుర్రాడు వస్తే డ్రాగనే వెయ్యి, నాకేమీ పట్టింపు లేదు. కాకపోతే దాన్ని మంచు కొండ మీద కాకుండా వాళ్ల చేలగట్టు మీద కూర్చోబెట్టు.

గుడ్లగూబలు నీకు ఇష్టమని తెలుసు. పెళ్లి పెట్టెల మీద వెయ్యకు. అది లక్ష్మీదేవి వాహనమని నువ్వు ఎంత వాదించినా, పెళ్లికూతురి నాయనమ్మ ఆ పెట్టెను గడప దాటనివ్వదు. నల్లటి నేపథ్యం కూడా అంతే. చీకటి కావాలంటే ముదురు నీలంలో కొంచెం గోధుమ రంగు కలుపు, నలుపు కంటే లోతుగా ఉంటుంది.

ఇక చెక్క. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నువ్వు కాకినాడలో కొన్న ఆ ఎం.డి.ఎఫ్ పెట్టెలు నాకు నచ్చలేదు. నున్నగా ఉంటాయి, రంగు బాగా పడుతుంది, నిజమే. కానీ అది పొడి చేసిన చెక్కను జిగురుతో ఒత్తిన అట్ట. మన తేమకు అంచుల్లోంచి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ దిగదు. తప్పదనుకుంటే అడుగు, అంచులు, మడతబందుల కోసం చేసిన రంధ్రాలు, అన్నిటికీ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పునాది పూత, పట్టించాకే బొమ్మ మొదలుపెట్టు. వీలైతే మీ ఊరి వడ్రంగి చేత బాగా ఆరిన చెక్కతో చేయించుకో. మామిడి చెక్క చవక. అయితే పుచ్చు పట్టే గుణం ఉంది, సూది మొనంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఆ చెక్క ముట్టుకోకు. టేకుకు ఆ బాధ తక్కువ, కానీ దానిలోని సహజమైన నూనె వల్ల రంగు సరిగా పట్టదు. స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచి, ఆరగానే ప్రైమర్ వెయ్యి. ముడులున్న చోట పసుపుపచ్చని మరక తెల్లరంగులోంచి పైకి తేలుతుంది, ఎన్ని పూతలు వేసినా ఆగదు. స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేస్తే ఆగుతుంది.

కొండపల్లివాళ్లు తేలికైన పొణికి చెక్కతో, ఏటికొప్పాకవాళ్లు అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. ఎవరి పనికి తగ్గ కర్ర వాళ్లది. కొండపల్లిలో చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి అతుకులు, సందులు పూడుస్తారు. పెట్టె మూలల్లో సన్నటి సందులుంటే అదే పద్ధతి నువ్వూ పాటించు, బజారు లప్పం కంటే చెక్కను బాగా పట్టుకుంటుంది. అయితే ఆ పిండి తేమకు బూజు పడుతుంది కాబట్టి పూర్తిగా ఎండాకే పైన ప్రైమర్.

రంగు వేసే ముందు మడతబందులు, గొళ్లెం విప్పేసి మరలన్నీ ఒక డబ్బాలో పెట్టుకో. బందుల మీదుగా రంగు పూసిన పెట్టె ఎంత మంచి బొమ్మ ఉన్నా బద్ధకం చాటుతుంది. బందులు, మరలు ఇత్తడివే కొను. సముద్రపు గాలికి ఇనుప మర తుప్పు పట్టి, ఆ తుప్పు నీ బొమ్మ మీదికి కారుతుంది. చెక్కను 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 220తో, నార వెంబడే రుద్దు. ప్రైమర్ రెండు పల్చటి పూతలు. పూతకూ పూతకూ మధ్య ఇంకా నున్నటి కాగితంతో ఒకసారి రుద్ది, తడిగుడ్డతో పొడి తుడిచెయ్యి. మూతకూ పెట్టెకూ మధ్య పోస్టుకార్డు మందం సందు ఉండేలా ముందే చూసుకో. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పైగా నువ్వు వేసే పూతల మందం కూడా తోడవుతుంది.

రంగుల ఎంపికలో నువ్వు మన కోనసీమ జగ్గన్నతోట తీర్థానికి మోసుకొచ్చే ప్రభలను, ఆ రంగురంగుల ఎత్తయిన చట్రాలను, మనసులో పెట్టుకుంటున్నావని అర్థమైంది. కనుమనాడు పదకొండు ఊళ్ల ప్రభలు చేలకు అడ్డంపడి, కొన్ని కౌశిక ఏటి నీళ్లు కూడా దాటి వస్తుంటే ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చలు అంత దూరం నుంచి కళ్లు లాగెయ్యాలి. అందుకే అవి అంత గాఢంగా ఉంటాయి. పెట్టెను మాత్రం ఒళ్లో పెట్టుకుని జానెడు దూరం నుంచి చూస్తారు. అక్కడ మూడు రంగులు చాలు, నాలుగోది బంగారు. మెరిసిపోయే ఫ్లోరసెంట్ రంగులు త్వరగా వెలుస్తాయి, వాటి జోలికి పోకు. బంగారు పూతలో కూడా ఇత్తడి పొడి కలిపినవి మన ఉప్పుగాలికి నల్లబడతాయి, అభ్రకం పొడితో చేసినది అడుగు. ముంగిస వెంట్రుకల కుంచెలు ఎవరైనా అమ్మజూపితే తీసుకోకు, చట్టం ఒప్పదు. సింథటిక్ కుంచెల్లో సున్నా నంబరుది, రెండో నంబరుది, ఒక చదునుది ఉంటే చాలు.

బొమ్మను కార్బన్ కాగితంతో చెక్క మీదికి ఎక్కించకు, ఆ జిడ్డు గీత లేత రంగుల్లోంచి కనబడుతూనే ఉంటుంది. కాగితం వెనక సుద్దముక్క రుద్ది, బొమ్మ గీతల మీద పెన్సిల్‌తో నొక్కితే సరిపోతుంది. అవసరం తీరాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

పేరు రాసేటప్పుడు కంగారు పడకు. ముందు వాళ్ల చేతే కాగితం మీద రాయించుకో. ల, ళ; శ, ష, స. వీటి దగ్గర ఒక్కో ఇంటివాళ్లది ఒక్కో లెక్క, బడి రికార్డులో ఉన్నది ఒకటి, శుభలేఖలో వేసింది మరొకటి. నీ వ్యాకరణంతో వాళ్ల పేరు దిద్దబోకు. మన అక్షరాలు గుండ్రనివి, వాటిని సాగదీసి కొసలకు పూలతీగలు తగిలిస్తే చదవడం కుదరదు. పేరు మూత పైన కంటే మూత లోపల బాగుంటుందని నా అభిప్రాయం. పైన బొమ్మ ఊరందరికీ, లోపల పేరు ఒక్కరికే.

వార్నిష్ దగ్గర తొందర కూడదు. రంగు చేతికి అంటుకోవడం మానగానే ఆరిపోయిందనుకుంటారు. మందంగా వేసిన చోట లోపల ఇంకా తడి ఉంటుంది, రెండు మూడు రోజులు ఆగు. నీళ్లతో కలిపే వార్నిష్ అయితే మూడు పల్చటి పూతలు వెయ్యి, వాన పడే రోజు అసలు వెయ్యకు. తేమ పట్టి పాల రంగు తెర కమ్ముతుంది. శ్రావణంలో పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి పనులు అప్పుడే మీద పడతాయి. వైశాఖంలోనే ప్రైమర్ వేసిన ఉత్త పెట్టెలు సిద్ధం చేసి పెట్టుకుంటే సగం భారం తగ్గుతుంది. ఆరినా సరే ఆక్రిలిక్ మీద ఆక్రిలిక్ నొక్కుకుంటే అతుక్కుపోతుంది. మూత, పెట్టె కలిసే అంచులకు రంగు వెయ్యకుండా ఉత్త చెక్కగా వదిలి, కొవ్వొత్తి రుద్దు. చివరి పూత తర్వాత రెండు మూడు వారాలు గాలి తగిలేలా తెరిచి ఉంచాకే కట్టు. కొత్త వార్నిష్ మీద బుడగల ప్లాస్టిక్ చుడితే ఆ బుడగలన్నీ పెట్టె మీద అచ్చు పడతాయి. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టె సందుల్లో కొబ్బరిపీచు కూరు. కొబ్బరికి పేరున్న అంబాజీపేట పక్కన ఉంటూ ప్యాకింగుకు థర్మోకోల్ కొనడం నాకు మింగుడుపడదు.

డబ్బు గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. పెన్సిల్ బొమ్మ చూపించి ఒప్పుదల తీసుకో, సగం ముందే తీసుకో, రంగు పడ్డాక మార్పులు ఉండవని ఆ రోజే చెప్పు. బంధువులకైతే ఊరికే ఇవ్వు, లేదా పూర్తి ధర తీసుకో. సగం ధర పెడితే ఇటు డబ్బూ రాదు, అటు కృతజ్ఞతా రాదు. ఖాళీ పెట్టె మాత్రం ఎవరికీ చేతికివ్వకు. లోపల రెండు పసుపు కొమ్ములు, ఒక రూపాయి బిళ్ల వెయ్యి.

గల్ఫ్ పెట్టెకు బొమ్మ గీయగానే ఫోనులో పంపు. రేవు మెట్లు ఎటు దిగుతాయో, ఆ పడవ ఏ వైపు కట్టి ఉంటుందో ఆవిడను మరోసారి అడిగి గీయి. ఇత్తడి బందులు రాజమండ్రిలో మంచివి దొరుకుతాయి, వచ్చే వారం వెళ్లే పని ఉంది. నీకు కావలసిన కొలత మిల్లీమీటర్లలో రాసి పంపితే తెస్తాను, వేలి కొలతలూ జానలూ వద్దు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మావయ్య