డిటెక్టివ్ మీదే కేసు పడితే...

నేర నవల రాస్తున్న పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు

ప్రశ్న: నా నవల నెల్లూరులో నడుస్తుంది. మూలాపేటలో ఒక వడ్డీ వ్యాపారి హత్య. శవం పక్కన ప్రైవేట్ డిటెక్టివ్ విజిటింగ్ కార్డు, మంచినీళ్ల గ్లాసు మీద అతని వేలిముద్రలు. చదివినవాళ్లంతా ‘పాపం, ఎవరో ఇరికించారు’ అని రెండో పేజీలోనే తేల్చేస్తున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు ఆ కార్డు తీసేయండి. చంపినవాడు చిరునామా వదిలిపోడని పాఠకుడికి మనకంటే బాగా తెలుసు. అనుమానం డిటెక్టివ్ చేసే పనిలోంచే పుట్టాలి. వ్యాపారి ఆస్తి ఎవరికి రాస్తున్నాడో కనుక్కోమని కోడలే ఇతన్ని పెట్టుకుందనుకోండి. మూడు రాత్రులు ఆ సందు చివర కారులో కాపు కాస్తాడు. టీ కొట్టు సీసీ కెమెరాలో కారు పడుతుంది. ముసలాయన ఎన్నింటికి పడుకుంటాడని పనిమనిషిని అడుగుతాడు. దొడ్డి గేటు గడియ పట్టుకు చూస్తాడు. ఇవన్నీ మొదటి మూడు అధ్యాయాల్లో మామూలు ఉద్యోగంలా సాగిపోవాలి. హత్య జరిగాక ఇవే పనులు సీఐ రిమాండ్ రిపోర్టులో వరసగా కనిపిస్తే, అదే మనిషి రెక్కీ చేసిన హంతకుడిలా ఉంటాడు. కొత్త ఆధారం ఒక్కటీ అక్కర్లేదు.

‘నన్ను ఫలానావాళ్లు పెట్టుకున్నారు’ అని అతను ఒక్క ముక్క చెబితే కథ అయిపోతుంది కదా? చాలా రాతప్రతులు కూలేది ఇక్కడే. కక్షిదారు చెప్పిన మాట బయటపెట్టకుండా లాయరుకు చట్టం రక్షణ ఇస్తుంది, డిటెక్టివ్‌కు ఇవ్వదు. అసలు ప్రైవేట్ డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే కేంద్ర చట్టమే లేదు; 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. కాబట్టి ‘వృత్తి ధర్మం’ అనే సాకు స్టేషన్లో నిలవదు. అతనికి సొంత భయం ఒకటి పెట్టండి. వ్యాపారి కాల్ లిస్టును డబ్బిచ్చి దొడ్డిదారిన సంపాదించాడు. నోరు విప్పితే హత్య కేసు తేలికపడుతుంది గానీ ఆ కేసు మెడకు చుట్టుకుంటుంది. హత్యలో నిర్దోషి, వేరేదాంట్లో దోషి అయినవాడి మౌనాన్నే పాఠకుడు నమ్ముతాడు.

ప్రశ్న: ఎస్ఐ డిటెక్టివ్‌కు 41ఏ నోటీసు (విచారణకు రమ్మనే పిలుపు) ఇచ్చి, హత్య సెక్షన్ 302 కింద అరెస్టు చేసి, స్టేషన్లో నేరం ఒప్పించినట్టు రాశాను. సరేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కథ జరిగే తేదీ ముందు చెప్పండి. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ వర్తిస్తుంది, 302 కాదు. 41ఏ స్థానంలో, పోలీసు దర్యాప్తు పద్ధతులు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) వచ్చింది. కానీ ఆ నోటీసు ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకే గనక హత్య కేసులో అది రాదు. మీకు పనికొచ్చేది అదే సంహితలోని 179వ సెక్షన్: విషయం తెలిసిన మనిషిగా, అంటే సాక్షిగా రమ్మనడం. సాక్షిగా స్టేషన్ మెట్లెక్కినవాడు సాయంత్రానికి ఏ1 (మొదటి నిందితుడు) కావడం మంచి అధ్యాయం. దర్యాప్తు మాత్రం సీఐకి అప్పగించండి.

అరెస్టయ్యాక, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులు మించకూడదు; ఇప్పుడు దాన్ని మొదటి 60 రోజుల్లో విడతలుగా అడగొచ్చు. అంటే ఒకసారి జైలుకెళ్లిన డిటెక్టివ్‌ను మళ్లీ ప్రశ్నలకు లాక్కురావొచ్చు. 90 రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే బెయిలు అతని హక్కు. పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. అతను చెప్పిన చోట కత్తి దొరికితే మాత్రం, అది దొరకడానికి దారితీసిన మాట వరకు చెల్లుతుంది. కాబట్టి మీ ఒప్పుకోలు సీను తీసేసి, వీఆర్వోలు మధ్యవర్తులుగా సంతకాలు పెట్టే రికవరీ సీను రాయండి.

ప్రశ్న: మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో శవం దొరికింది. ఒంటి వేడిని బట్టి ‘రాత్రి 9.10కి, 9.30కి మధ్య’ అని డాక్టరు చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: చెప్పలేరు. చుట్టూ ఉన్న గాలి ఒంటికంటే చల్లగా ఉంటేనే శవం చల్లబడుతుంది. మీ ఊరి మే నెలలో రేకుల కింద 42 డిగ్రీలుంటే చల్లబడదు సరిగదా, వేడెక్కొచ్చు కూడా. ఆ ఎండకు బిగుసుకోవడం త్వరగా మొదలై త్వరగా సడలిపోతుంది. 12–18 గంటల్లో పొత్తికడుపు కుడివైపు పచ్చబారుతుంది. ఏ డాక్టరైనా ఇన్ని గంటల మధ్య అని రాస్తారు తప్ప నిమిషాలు చెప్పరు. ఇది మీ కథకు లాభమే. ఆరేడు గంటల వెడల్పు ఉంటే ఆ సమయంలో తాను వేరేచోట ఉన్నానని డిటెక్టివ్ చూపించే సాక్ష్యం ఎక్కడో ఒకచోట తెగుతుంది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ పడిన సమయం చూపించినా, కారు దాటిందని తెలుస్తుంది గానీ నడిపిందెవరో తెలియదు.

ప్రశ్న: చివరికి డిటెక్టివే హంతకుడని తేల్చొచ్చా?
– అదే పాఠకుడు

జవాబు: వద్దని 1929లో ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ రాసిన పది నియమాల్లో ఒకటి. దాటినవాళ్లు ఉన్నారు. మీరూ దాటొచ్చు, అతను తన మనసులో అనుకున్న మాటల్లో ఒక్క అబద్ధం కూడా రాయకుండా ఉంటే.