థీమ్ పార్క్ ట్రిప్: డబ్బు ముందే పక్కన పెట్టండి, టికెట్ చివర్లో కొనండి

ప్రశ్న: పిల్లలతో పెద్ద థీమ్ పార్క్‌కు వెళ్లాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ మా మొదటి కోరిక, టోక్యో డిస్నీల్యాండ్ అయినా సంతోషమే. పాపకు తొమ్మిదేళ్లు నిండాయి, బాబుకు రెండున్నర. ఎనిమిది నెలల ముందే అన్నీ బుక్ చేసి డబ్బు కట్టేద్దామని మావారు అంటారు. నాకేమో అంత ముందుగా కట్టుబడిపోవడం ఇష్టం ఉండదు. వీలు దొరికి, మనసైనప్పుడు బయల్దేరితేనే అది సెలవులా ఉంటుంది. ఇద్దరి పద్ధతీ మాకు ఒక్కోసారి నష్టం చేసింది. మూడేళ్ల కిందట ముందే కట్టేసిన ట్రిప్ పాపకు జ్వరం రావడంతో ఆగిపోయి, రూమ్ డబ్బూ పార్క్ టికెట్లూ పోయాయి. పోయినేడాది నా మాట మీద అప్పటికప్పుడు వెళ్తే ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పడింది, తీర్చడానికి పన్నెండు నెలలు పట్టింది. గత ఐదు ట్రిప్పుల్లో రెండు బయల్దేరకముందే ఆగిపోయాయి. ఈసారి ఎవరి మాట వినాలి?

జవాబు: మీరు రాసిన రెండు నష్టాల్లో మొదటిది మీకు ఇంకా బాధగా ఉన్నట్టుంది. అది కళ్లెదుట పోయిన డబ్బు కదా. కానీ రెండోది కూడా ఒకసారి లెక్క వేద్దాం. నెలకు 3 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద 100 ఖర్చు పెట్టి, దాన్ని పన్నెండు సమాన వాయిదాల్లో తీరిస్తే మొత్తం 120 దాకా కడతారు. అంటే మీరు వెళ్లి వచ్చిన ట్రిప్పు ఐదో వంతు ఎక్కువ ధరకు కొన్నట్టు. పైగా ఆ ఏడాదంతా తర్వాతి ట్రిప్పుకు ఒక్క రూపాయి కూడా దాచలేకపోయి ఉంటారు.

అయితే ఇందులో తప్పు అప్పటికప్పుడు బయల్దేరడంలో లేదు. డబ్బు సిద్ధంగా లేకుండా బయల్దేరడంలో ఉంది. మనసైన రోజున వెళ్లాలనుకునేవాళ్లకే డబ్బు ఇంకా ముందుగా చేతిలో ఉండాలి. తేదీ తెలిసినవాళ్లకు దాచుకోవడానికి గడువు తెలుస్తుంది. మీకు ఆ గడువు ఏ వారమైనా రావచ్చు. కాబట్టి ఈ నెల నుంచే ట్రిప్పుకని విడిగా ఒక ఖాతా తెరిచి, జీతం పడిన రోజునే అందులోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. అంచనా ఖర్చును ఎనిమిదితో భాగిస్తే నెలకు ఎంతో తెలుస్తుంది. అంత పెట్టలేమనిపిస్తే ఎనిమిది నెలల బదులు పన్నెండు నెలలు తీసుకోండి. ఈ ఖాతా నిండేదాకా ఎవరి పద్ధతి గెలిచిందన్న మాటే వద్దు. ఈ విషయంలో మీవారి వైపే ఉంటాను.

కానీ డబ్బు పక్కన పెట్టడం వేరు, కట్టేయడం వేరు. మీవారు ఈ రెంటినీ ఒకటిగా చూస్తున్నారు.

హోటల్ రూములూ ఫ్లైట్లూ చివరి రోజుల్లో అప్పుడప్పుడు చవకగా దొరుకుతాయి. ఖాళీగా పోయే రూమ్‌ను ఎంతకో కొంతకు ఇచ్చేయడం హోటల్‌కు లాభం. అది చూసి పార్క్ టికెట్ కూడా అలాగే తగ్గుతుందని కొందరు ఆగుతారు. పెద్ద పార్కులు అలా నడవవు. చాలాకాలం ఏ రోజు వెళ్లినా ఒకటే ధర ఉండేది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ 2016లో ఒకరోజు టికెట్‌కు రద్దీని బట్టి వేర్వేరు ధరలు పెట్టింది. వాల్ట్ డిస్నీ వరల్డ్ 2018 అక్టోబర్‌లో తేదీని బట్టి ధర నిర్ణయించడం మొదలుపెట్టింది. టోక్యోలో 2021 మార్చిలో ఆ పద్ధతి వచ్చింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన రోజు ధర, అన్నిటికన్నా చవకైన రోజు ధరకు రెట్టింపు దగ్గర ఉంటుంది. ఎన్ని నెలల ముందు బుక్ చేసినా అంత తేడా రాదు. పండగ సెలవుల మధ్యలో శనివారం టికెట్‌ను ఆరు నెలల ముందు కొన్నా అది ఖరీదైన టికెట్టే.

ఇక్కడే మీ స్వభావం పనికొస్తుంది. 'ఈ తేదీయే కావాలి' అని పట్టుబట్టని మనిషి ఇంట్లో ఉండడం డబ్బు పరంగా పెద్ద బలం. మీవారు ఒక తేదీ అనుకునేముందు పార్క్ క్యాలెండర్‌లో ధరలు చూసి, సెలవుల మొదట్లోనో చివర్లోనో వారం మధ్య రోజులు మీరు ఎంచండి. పిల్లల బడి వల్ల మీకు చేతిలో ఉండే వారాలు తక్కువేనని తెలుసు. ఆ తక్కువలోనే తేడా కనిపిస్తుంది.

ఇక కట్టడం సంగతి. కట్టబోయే ప్రతి దానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆలస్యం చేస్తే ఇది ఖరీదవుతుందా, లేక అసలు దొరకదా? మానుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా? రూమ్‌కు మొదటి జవాబు చాలాసార్లు అవును. రెండోది మీరు ఎంచుకునే రేటును బట్టి ఉంటుంది. అందుకే రూమ్‌ను ఎనిమిది నెలల ముందే బుక్ చేయండి, కానీ క్యాన్సిల్ చేసుకోగలిగే రేటుకే చేయండి. తర్వాత ధర తగ్గితే పాతది క్యాన్సిల్ చేసి మళ్లీ బుక్ చేసుకోవచ్చు.

రిఫండ్ లేని రూమ్ తక్కువకు వస్తోందని మీవారు చూపిస్తారు. నా దగ్గరికి వచ్చే చాలామంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. క్యాన్సిల్ చేసుకునే వీలుంటే 100, లేకపోతే 88 అనుకుందాం. తగ్గింపు 12 శాతం. మీ ట్రిప్పు ఆగిపోయే అవకాశం 12 శాతం కంటే తక్కువైతేనే ఆ తగ్గింపు మీకు లాభం, ఎక్కువైతే నష్టం. మీ ఇంట్లో ఐదులో రెండు ఆగిపోయాయి, అంటే 40 శాతం. వీలున్న రూమ్‌కు మీకు సగటున పడేది 60, ఎందుకంటే వెళ్లని ట్రిప్పుకు కట్టనక్కర్లేదు. రిఫండ్ లేని రూమ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా 88. ఐదు ట్రిప్పులు చూసి గట్టిగా చెప్పలేమని మీవారు అంటే, ఆగిపోయే అవకాశాన్ని సగానికి తగ్గించండి. 20 శాతం అనుకున్నా సగటు 80, అప్పటికీ 88 కంటే తక్కువే. రెండున్నరేళ్ల పిల్లాడున్న ఇంటికి ఈ లెక్కలో ఇంకా జాగ్రత్త అవసరం. ఏ తగ్గింపు ఎదురొచ్చినా దాని శాతాన్నీ, మీ ఇంట్లో ట్రిప్పులు ఆగిపోయే శాతాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

రూమ్, టికెట్లు కలిపిన ప్యాకేజీ తీసుకుంటే, పూర్తి డబ్బు వెనక్కి వచ్చేలా క్యాన్సిల్ చేసే గడువు మారిపోతుంది. వాల్ట్ డిస్నీ వరల్డ్ ప్యాకేజీల్లో అది ప్రయాణానికి 30 రోజుల ముందే ముగుస్తుంది. రూమ్ ఒక్కటే విడిగా తీసుకుంటే బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు వరకూ సమయం ఉంటుంది. పిల్లలకు జ్వరం 30 రోజుల ముందు చెప్పి రాదు. అందుకని మీకు రూమూ టికెట్లూ విడివిడిగా కొనడమే నయమనిపిస్తోంది.

పార్క్ టికెట్లకు మామూలుగా రిఫండ్ ఉండదు. కాబట్టి వాటిని అన్నిటికన్నా ఆఖర్న కొనండి. ఆఖర్న అంటే గేటు దగ్గర అని కాదు. మీ ఇద్దరికీ ఆఫీసులో సెలవు మంజూరై, వీసా అవసరమైతే పాస్‌పోర్టులో పడి, ఫ్లైట్ ఖాయమైన తర్వాత అని. వీసా చేతికి రాకముందు తిరిగిరాని డబ్బు దేనికీ కట్టకండి. టోక్యోలో టికెట్లు రెండు నెలల ముందే అమ్మకానికి వస్తాయి, రద్దీ రోజులవి అయిపోతాయి కూడా. అక్కడికైతే మరీ ఆలస్యం పనికిరాదు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, కానీ అది దేనికి పనిచేస్తుందో చదివి తీసుకోండి. పాలసీలో రాసిన కారణాలకే డబ్బు ఇస్తారు. పిల్లలకు జబ్బు చేసి డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే సాధారణంగా అందులో వస్తుంది. వెళ్లబుద్ధి కాలేదంటే రాదు. ఏ కారణానికైనా క్యాన్సిల్ చేసుకోవచ్చనే పాలసీలు కొన్ని దేశాల్లో ఉన్నా, అవి సాధారణంగా 50 నుంచి 75 శాతమే వెనక్కిస్తాయి, ప్రీమియం కూడా ఎక్కువ.

పిల్లల వయసు గురించి మీరు అడగలేదు గానీ మీ విషయంలో డబ్బు అక్కడా ఉంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఎనిమిది నెలలు ఆగితే మీ బాబుకు టికెట్ కొనాలి. పాపకు 10 నిండితే పెద్దల టికెట్, అయినా పిల్లల ధరకూ పెద్దల ధరకూ అక్కడ పెద్ద తేడా ఉండదు. టోక్యోలో 3 ఏళ్ల వరకూ ఉచితం, 4 నుంచి 11 వరకూ పిల్లల ధర. అంటే ఎనిమిది నెలల తర్వాత వెళ్లినా అక్కడ బాబుకు టికెట్ ఉండదు, పాపకు పిల్లల టికెట్టే. అలాగని ఒక్క టికెట్ కోసం డబ్బు సమకూరకముందే పరుగెత్తకండి. కార్డు వడ్డీ ఆ టికెట్‌ను మించిపోతుంది. ఎత్తు కూడా చూసుకోండి. ఫ్లోరిడాలో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 112 సెంటీమీటర్లు ఉండాలి. బాబు ఎక్కలేని రైడ్లకు మీరిద్దరూ వంతులవారీగా వెళ్లాల్సి వస్తుంది. దానికి పట్టే సమయం కూడా రోజు లెక్కలో ఉండాలి.

ఎన్ని రోజుల టికెట్ కొనాలన్న దగ్గర ఇంకొక ఉచ్చు ఉంది. రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే టికెట్ ధర తగ్గుతుంది, దాంతో ఐదో రోజు దాదాపు ఉచితమన్నట్టు కనిపిస్తుంది. ఆ ఐదో రోజుకు ఇంకో రాత్రి రూమ్, నలుగురి భోజనాలు కలపండి. అప్పుడు తెలిసేదే దాని అసలు ధర. చిన్నపిల్లలతో వరుసగా నాలుగు రోజులు పార్కులో నడవడం కష్టం. మధ్యలో ఒక రోజు పార్కు లేకుండా వదిలేస్తే టికెట్ ఖర్చూ తగ్గుతుంది, పిల్లలూ తేరుకుంటారు.

లోపలికి వెళ్లాక కూడా ఎంత ప్లాన్ చేయాలన్నది ఇప్పుడు డబ్బుతో ముడిపడింది. క్యూ తప్పించుకోవడానికి డిస్నీ 1999లో పెట్టిన ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉండేది. ఫ్లోరిడాలో 2021లో దానికి డబ్బు తీసుకోవడం మొదలైంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో లైట్నింగ్ లేన్ అనే ఈ పాస్‌లను వాళ్ల హోటల్లో దిగినవాళ్లు 7 రోజుల ముందు, మిగతావాళ్లు 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. వాటి ధర కూడా తేదీని బట్టి మారుతుంది. ఎండలో గంటన్నర క్యూ చూసి, ఏడుస్తున్న బాబును ఎత్తుకుని, అప్పటికప్పుడు ఫోన్లో నాలుగు పాస్‌లు కొనే పరిస్థితి వస్తుంది. అది సహజం, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. ఆ ఖర్చు ముందే లెక్కలో ఉండాలంటాను. మొత్తంలో 15 శాతం 'అప్పుడు తోచినదానికి' అని రాసి పెట్టండి. పాస్ కొన్నా, పాప ముచ్చటపడిన బొమ్మ కొన్నా అందులోంచే. ఆ డబ్బు మీ చేతిలో ఉండనివ్వండి, మీవారు లెక్క అడగకూడదు. పార్క్ తెరిచే వేళకు అరగంట ముందే గేటు దగ్గరుంటే మొదటి రెండు మూడు రైడ్లకు పాస్ అవసరమే రాకపోవచ్చు. ఆ ఒక్క ఉదయం మాత్రం ఆయన చెప్పిన టైముకు లేవండి.

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు నేను గంట గంటకూ ఏ రైడో కాగితం మీద రాసుకుని ఒక పార్కుకు తీసుకెళ్లాను. అది నేల మీద నుంచి నీళ్లు ఎగజిమ్మే చోట ఆగిపోయి, కదలనంది. కట్టిన డబ్బు వృథా అవుతోందని టెన్షన్ పడి నేను చెయ్యి పట్టి లాక్కెళ్లాను. సాయంత్రం దాకా అది నాతో సరిగా మాట్లాడలేదు. టికెట్ డబ్బు గేటు దాటగానే ఖర్చయిపోయింది. ఆ తర్వాత రైడ్లు ఎక్కినా నీళ్లలో ఆడినా అందులో మార్పు ఉండదు. ఆ లెక్క తెలిసిన నేనే ఆ రోజు మర్చిపోయాను. అందుకే మీవారికి నా మాటగా చెప్పండి: రోజుకు ఒకటో రెండో ముఖ్యమైనవి అనుకుని, మిగతా రోజు పిల్లలకు వదిలేయమని.

ఖర్చు వేరే దేశపు కరెన్సీలో కాబట్టి మీ అంచనాకు ఇంకో 5 శాతం కలుపుకోండి. ఎనిమిది నెలల్లో మారకం రేటు కదులుతుంది, కార్డు వాడితే బ్యాంకు తన రుసుము కూడా వేస్తుంది.

చివరిగా, మూడేళ్ల కిందటి ఆ టికెట్లు. అవి పోయాయనే అనుకోకండి. కొన్ని పార్కులు అసలు వాడని టికెట్‌కు గడువు దాటినా, అప్పుడు కట్టిన మొత్తాన్ని కొత్త టికెట్ ధరలో తగ్గిస్తాయి. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆ పద్ధతి ఉంది. మీరు కొన్న పార్క్ ఏదో మీరు రాయలేదు. మీ పాత ఈమెయిల్‌లో ఆ రసీదు వెతికి, టికెట్ నంబరుతో వాళ్లకు ఈ వారమే రాయండి. కొత్తవి కొనకముందే రాయండి, కొన్న తర్వాత తగ్గించమంటే కుదరకపోవచ్చు.