ఆపరేషన్ తర్వాత మళ్లీ కబడ్డీ ఎప్పుడు?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. కబడ్డీ ఆడుతుండగా మోకాలు మెలిపడి, లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగడంతో ఆరు నెలల క్రితం ఆపరేషన్ చేయించాం. నొప్పి లేదు కాబట్టి మళ్లీ ఆడతానంటున్నాడు. పంపవచ్చా డాక్టరు గారూ? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే పంపవద్దమ్మా. నొప్పి తగ్గినంత మాత్రాన మోకాలు ఆటకు సిద్ధమైనట్లు కాదు. తెగిన లిగమెంటు స్థానంలో అమర్చిన కణజాలపు పట్టీ (గ్రాఫ్ట్) మొదటి నెలల్లో కొంత బలహీనపడి, ఆ తర్వాత రక్తప్రసరణ ఏర్పడుతున్న కొద్దీ నెమ్మదిగా లిగమెంటు లక్షణాలను సంతరించుకుంటుంది. ఇందుకు ఏడాదో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. 25 ఏళ్లలోపు వారు మళ్లీ ఆటలోకి దిగినప్పుడు, నలుగురైదుగురిలో ఒకరికి ఏసీఎల్ తిరిగి దెబ్బతింటున్నట్లు అధ్యయనాలు చూపుతున్నాయి. ఆపరేషన్ చేసిన మోకాలికే కాదు, బాగున్న రెండో మోకాలికీ ఆ ముప్పు ఉంటుంది. దీన్ని చాలామంది తల్లిదండ్రులు ఊహించరు.

కనీసం 9 నెలలు ఆగితే ముప్పు గణనీయంగా తగ్గుతుంది. అయితే క్యాలెండరు ఒక్కటే చూస్తే సరిపోదు. తొడ ముందు కండరాల బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి చేరిందా, ఒంటికాలిపై గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అన్నవి ఫిజియోథెరపిస్టు చేత పరీక్ష చేయించండి. కబడ్డీలో రైడర్ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు భారమంతా మోకాలిపైనే పడుతుంది కనుక, మీ అబ్బాయి ముందు నేరుగా పరుగెత్తడం, తర్వాత మలుపులు సాధన చేయాలి. కూతకు వెళ్లడం అన్నిటికన్నా చివర.