వైరస్ ఉందని ఫోన్ నంబరుతో హెచ్చరిక వస్తే డబ్బు కట్టాలా?

నాన్నగారి లాప్‌టాప్‌లో వైరస్ హెచ్చరిక వస్తోంది, మూసినా మళ్లీ కుడిపక్క కింద నుంచి లేస్తోంది, 4,999 కడితే పోతుందంటున్నారు, కట్టాలా అని కదా అడిగారు. కట్టకండి. ఆ నంబరుకి ఫోన్ కూడా చెయ్యకండి.

రెండేళ్ల కిందట విజయనగరంలో మా మావయ్యకి ఇదే జరిగింది. పంచాంగం కోసం ఏదో సైట్ తెరిస్తే స్క్రీన్ అంతా ఎర్రబడి సైరన్ మోగిందట. "ఒరే, ఇది అరుస్తోందిరా, ఏటి సెయ్యాలి?" అని నాకు ఫోన్. మూడు లాంతర్ల దగ్గర వాళ్లింటికి నేను వెళ్లేసరికే ఆ నంబరుకి చేసేశారు. అవతలివాడు ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన లోపాలూ సంఘటనలూ రాసుకునే చిట్టా) తెరిపించి, ఎర్ర గుర్తులు చూపించి, "ఇవన్నీ వైరస్‌లే సార్" అన్నాడట. నా లాప్‌టాప్‌లో అదే తెరిచి చూపించాను. నాకూ బోలెడు ఎర్ర గుర్తులు! ఏ ప్రోగ్రాం సరిగా మొదలుకాకపోయినా అక్కడ నమోదవుతుంది.

మావయ్య స్క్రీన్ మీద వైరస్ స్కాన్ అంటూ ఒకటి ఇంకా నడుస్తూనే ఉంది. డి డ్రైవ్‌లో 37 వైరస్‌లట. మావయ్య లాప్‌టాప్‌కి డి డ్రైవే లేదు. వెబ్‌పేజీలో ఆడించే బొమ్మ అది, అంతే. ఆ మాట చెప్పాకగానీ ఆయన బల్ల మీది ఏటీఎం కార్డు తీసి జేబులో పెట్టుకోలేదు.

ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు ఫుల్ స్క్రీన్ పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చెయ్యండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చెయ్యాలా అంటే వద్దనండి. మీకు పదేపదే వస్తున్నది మాత్రం నోటిఫికేషన్ అయ్యుంటుంది. ఎప్పుడో ఏదో సైట్‌లో 'అలో' నొక్కేసి ఉంటారు. క్రోమ్ అయితే సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి, ముక్కూమొహం తెలియని సైట్లన్నీ తీసెయ్యండి. తర్వాత విండోస్‌తో ఉచితంగా వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఒకసారి ఫుల్ స్కాన్ చాలు. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు.

స్క్రీన్ షేరింగ్ యాప్ ఏదైనా వేయించి కోడ్ అడిగారా అని నాన్నగారిని మెల్లగా కనుక్కోండి. చెప్పి ఉంటే నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు వెళ్లిపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. తిడతామని పెద్దవాళ్లు దాస్తారు. కోడ్ చెప్పేసిన సంగతి మావయ్య నాకు మర్నాడు సాయంత్రం టీ తాగుతూ బయటపెట్టారు.