అల్లుడూ, ఆ ఆట మానక్కర్లేదు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "నలభైకి దగ్గరపడ్డాను, పోకెమాన్ ఆడుతుంటే ఇంట్లో నవ్వుతున్నారు, పైగా ఆట మరీ తేలిగ్గా ఉంది, మానెయ్యమంటావా మావయ్యా" అన్నావు. ఇందులో రెండు ఫిర్యాదులున్నాయి, నువ్వు వాటిని కలిపేశావు. తేలిగ్గా ఉందన్నది ఒకటి, చిన్నపిల్లల ఆట అన్నది ఇంకొకటి. మొదటిది చాలావరకు నిజమే. రెండోది నేను ఒప్పుకోను. అమలాపురంలో నెట్ సెంటర్ నడిపిన రోజుల నుంచీ ఈ జీవుల్ని పట్టి పెంచే ఆటలు ఆడుతున్నాను కాబట్టి కాస్త ధైర్యంగానే చెబుతున్నాను.

ముందు తేలిక సంగతి. 2019లో వచ్చిన పోకెమాన్ సోర్డ్, షీల్డ్ ఆటల నుంచి, జట్టులో ఉన్న ప్రతి జీవికీ అది పోరాడినా పోరాడకపోయినా అనుభవం పాయింట్లు పడుతున్నాయి. వద్దనుకున్నా ఆపే వీల్లేదు. ఎదుటివాడి జీవి ఒకటి పడిపోగానే, తర్వాత ఏది రాబోతోందో మనకి ముందే చెప్పి, మనది మార్చుకుంటావా అని అడుగుతుంది ఆట. ఆ ప్రశ్న రాకుండా పెట్టుకునే సెట్టింగు పాత వాటిలో ఉండేది. 2022లో స్కార్లెట్, వయొలెట్ వచ్చేసరికి అదీ తీసేశారు. కాబట్టి కథ పూర్తి చెయ్యడానికి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదన్న నీ మాట సరైనదే. అప్పుడప్పుడే చదవడం నేర్చుకున్న పిల్ల కూడా చివరిదాకా వెళ్లాలని అలా చేశారు. అది తప్పని నేను అనుకోను. కాకపోతే నువ్వు ఇప్పటిదాకా ఆడింది ఆ కథ ఒక్కటే. ఈ ఆటలో పెద్దవాళ్లు ఏళ్ల తరబడి కూర్చునే భాగం కథ అయిపోయాక మొదలవుతుంది.

1996 ఫిబ్రవరిలో జపాన్‌లో మొదటి పోకెమాన్ వచ్చినప్పుడు 151 జీవులు, నిప్పు, నీరు లాంటి జాతులు పదిహేను. ఇప్పుడు జీవులు వెయ్యి దాటాయి, జాతులు పద్దెనిమిది. నిప్పుకి నీరు ఎదురు, నీటికి విద్యుత్తు ఎదురు అన్నంతవరకు పిల్లలకీ తెలుసు. ఒక్కో జీవికి రెండేసి జాతులు ఉండొచ్చు, అక్కడ లెక్క మారుతుంది. చారిజార్డ్ నిప్పూ, ఎగిరేదీ కూడా. దాని మీద రాతి దెబ్బ నాలుగు రెట్లు పడుతుంది, నేల జాతి దెబ్బ అసలు తగలనే తగలదు. దీనిపైన ఒక్కోదానికి ఒక స్వభావం ఉంటుంది. మొత్తం ఇరవై ఐదు స్వభావాల్లో ఇరవై, వేగం లాంటి ఒక గుణాన్ని పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తాయి. ఒక్కో జీవికి శిక్షణ పాయింట్లు మొత్తం 510, ఒక్క గుణంలో 252 మించి పొయ్యలేం. వేగంలో పోస్తావా, ఓర్పులో పోస్తావా అన్నది నువ్వు తేల్చుకోవాలి. నెమ్మదైన జీవులే ముందు కదిలేలా కొన్ని వంతులపాటు వరస తిరగేసే ఎత్తు కూడా ఒకటుంది. ఎదుటివాడు దాన్ని వేస్తాడేమోనన్న అనుమానం ఉంటే వేగంలో పాయింట్లన్నీ పోసెయ్యడానికి చెయ్యి ఆడదు.

సంక్రాంతికి మీ భీమవరం వైపు బరుల దగ్గర పెద్దమనుషులు కుక్కుట శాస్త్రం పట్టుకుని, ఏ రోజు ఏ జాములో డేగ రంగు పుంజు గెలుస్తుంది, ఏ జాములో కాకి రంగుది గెలుస్తుంది అని లెక్కలు కడతారు కదా. ప్రాణమున్న పుంజుకి కత్తి కట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు, చట్టమూ ఒప్పుకోదు. అయినా ఆ లెక్కని చిన్నపిల్లల పని అని ఎవరూ అనరు. నీ చేతిలో ఉన్న ఆటలో లెక్క అంతకంటే కచ్చితమైనది, ఏ ప్రాణికీ గాయం కాదు. మరి దీనికి సిగ్గుపడటం ఎందుకు?

ఈ లెక్క ఎంత లోతుగా పోతుందో చూడాలంటే 2014 పోకెమాన్ ప్రపంచ పోటీ చూడు, వాషింగ్టన్‌లో జరిగింది. ఆ పోటీల్లో వయసుని బట్టి మూడు విభాగాలు, అన్నిటికంటే పెద్దవాళ్లది మాస్టర్స్. ఇద్దరూ తమ ఆరేసి జీవుల్ని ఒకరికొకరు చూపించుకుని, అందులోంచి నాలుగేసి ఎంచుకుని, రెండేసి చొప్పున బరిలోకి దింపుతారు. ఆ ఏడాది మాస్టర్స్‌లో కొరియాకి చెందిన సెజున్ పార్క్ గెలిచాడు. అతని జట్టులో పచిరిసు అని ఒక బుల్లి ఉడత ఉంది. బలం చూస్తే దాన్ని ఎవరూ లెక్క చెయ్యరు. అతని జట్టులోనే ఉన్న గ్యారడోస్‌కి మాత్రం విద్యుత్తు అంటే గండం. పచిరిసు ఎదుటివాళ్ల దెబ్బల్ని తన వైపు లాక్కోగలదు, పైగా విద్యుత్తు తగిలితే దానికి నష్టం పోయి ప్రాణం పెరుగుతుంది. గ్యారడోస్ కోసం వదిలిన పిడుగు ఈ ఉడత పొట్ట నింపుతుందన్నమాట! ముద్దుగా ఉంది కదా అని తెచ్చుకున్నది కాదు, ఆలోచించి తెచ్చుకున్నది. ఆ పోరు వీడియో వెతికి చూడు, పాపకి కూడా చూపించు.

నీకు పోటీ మీద మనసుంటే, ముందు షోడౌన్ అనే సిమ్యులేటర్‌లో ఆడు. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పట్టడం, పెంచడం ఏమీ ఉండవు, జట్టు రాసుకుని నేరుగా పోరులోకి దిగడమే. మొదట్లో వరసగా ఓడిపోతావు, టెన్షన్ పడకు. ఏ వంతులో ఎందుకు పోయిందో ఓ కాగితం మీద రాసుకో. నువ్వు ఆడే నింటెండో పరికరం స్విచ్‌లో ఆన్‌లైన్ పోరుకి ఆ కంపెనీకి చందా కట్టాలి, అది తర్వాత చూసుకోవచ్చు.

పోటీ వద్దు, ఒక్కడినే ఆడుకుంటాను అంటే నజ్‌లాక్ పద్ధతి పట్టుకో. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైన జీవిని మాత్రమే పట్టాలి, అది ఎంత పనికిరానిదైనా సరే. పోరులో పడిపోయింది చచ్చిపోయినట్టే, మళ్లీ వాడకూడదు. ప్రతిదానికీ పేరు పెట్టాలి. ఈ మూడో నియమాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పేరు పెట్టి పెంచినదాన్ని వెనక్కి పంపించాల్సి వస్తే గుండె కలుక్కుమంటుంది. నిన్న నీకు విసుగు పుట్టించిన ఆటలోనే ప్రతి గడ్డి పొద దగ్గరా ఆగి ఆలోచిస్తావు. కథ మారలేదు, నువ్వు ఆడే తీరు మారిందంతే.

పిల్లల రంగులు అసలే వద్దనుకుంటే ఇదే కోవలో పెద్దల కోసం చేసిన ఆటలున్నాయి. నా మనసుకి దగ్గరైనది షిన్ మెగామి టెన్సే మూడోది, నాక్టర్న్. మొదట 2003లో వచ్చింది, ఇప్పుడు స్విచ్‌లోనూ దొరుకుతుంది. టోక్యోలో మొదలవుతుంది, మొదట్లోనే లోకం అంతమైపోతుంది. అందులో జీవుల్ని బంతి విసిరి పట్టుకోరు, మాట్లాడి ఒప్పించుకోవాలి. డబ్బు అడుగుతాయి, వస్తువులు అడుగుతాయి, ఒక్కోసారి అన్నీ తీసుకుని పారిపోతాయి. రెండిటిని కలిపి మూడోదాన్ని పుట్టించాలి కాబట్టి ఇష్టపడ్డవాటిని వదులుకుంటూనే ముందుకు పోవాలి. నీ దెబ్బ ఎదుటివాడి బలహీనతకి తగిలితే అదనంగా ఒక వంతు వస్తుంది, గురి తప్పితే ఉన్న వంతుల్లో కొన్ని పోతాయి. జట్టులో ఎంతమంది బతికున్నా నువ్వు పడిపోతే ఆట అయిపోయినట్టే. ఇంకో సంగతి, మన శివుడు, విష్ణువు కూడా అందులో కనిపిస్తారు, వాళ్లనీ జట్టులో చేర్చుకోవచ్చు. మీ అమ్మకి అది బాధ కలిగించవచ్చు. అక్క పక్కన ఉన్నప్పుడు ఆడితే ముందే చెప్పి ఆడు.

అంత బరువు వద్దంటే క్యాసెట్ బీస్ట్స్ ఉంది, 2023లో వచ్చింది. పాత్రలు పెద్దవాళ్లు, కష్టం ఎంత ఉండాలో మనమే పెట్టుకోవచ్చు. డబ్బు కట్టి లాటరీలా జీవుల్ని తీసే ఫోన్ ఆటల జోలికి మాత్రం పోవద్దు. అవి నీ బుర్రని కాదు, జేబుని చూసి చేసినవి.

ఇక చిన్నపిల్లల ఆట అన్న మాట. పోకెమాన్‌ని తలపోసిన సతోషి తజిరి టోక్యో శివారు మచిదాలో పెరిగాడు, చిన్నప్పుడు పురుగులు పట్టడం అతని పిచ్చి. ఊరు పెరిగి చెరువులూ పొలాలూ పోయాక, ఆ పట్టుకునే ఆనందం తర్వాతి పిల్లలకి అందాలని ఆట చేశాడు. మొదటిది విడుదలయ్యేసరికి అతనికి ముప్పై ఏళ్లు. అంటే అది పోగొట్టుకున్నదాన్ని గుర్తు పెట్టుకున్న పెద్దవాడి పని. పిల్లలకి నచ్చినంత మాత్రాన అది పిల్లలకే సొంతం కాదు.

నీ బతుకుకి ఈ ఆటలు సరిపోతాయని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రాత్రిళ్లు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా కూర్చుంటావు. కరెంటు పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్య తేలిపోతుంది, పరుగున వెళ్లి జనరేటర్ వెయ్యాలి. తుపాకులు పేల్చే ఆటలో అయితే నువ్వు లేచేసరికి చచ్చిపోతావు. ఇది వంతులవారీ ఆట. ఒక్కడివే ఆడుతున్నప్పుడు పోరు మధ్యలో గట్టు మీద పెట్టేసి వెళ్లినా, వచ్చేదాకా కదలకుండా నీ వంతు కోసం ఆగి ఉంటుంది. ఆన్‌లైన్ పోరుకి గడియారం ఉంటుంది కాబట్టి వాటిని పగలు పెట్టుకో.

పాపతో ఆడేటప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ తియ్యకు. ఏది పట్టాలో దాన్నే చెప్పనీ, పేరు దాన్నే పెట్టనీ. అది తప్పు జీవిని దింపినా ఓడిపోనీ, తర్వాత తనే ఎందుకని అడుగుతుంది. అప్పుడు చెప్పు.

నాక్టర్న్ మొదలుపెడితే, తొందర్లోనే మెటడార్ అని ఎర్ర వస్త్రం పట్టుకున్న అస్థిపంజరం ఎదురవుతాడు. చాలామంది అక్కడే మానేస్తారు. వాడు ఆ వస్త్రం ఊపగానే మన దెబ్బలు తగలడం మానేస్తాయి, గాలి దెబ్బలతో జట్టంతటినీ కొడతాడు. గాలిని తట్టుకునే జీవుల్ని ముందే కలిపి సిద్ధం చేసుకుని వెళ్లు. అప్పటికీ కాకపోతే జట్టులో ఎవరెవరున్నారో రాసి పంపించు, చూసి చెబుతాను. అక్కనీ, అమ్మాయినీ అడిగానని చెప్పు.

మీ మావయ్య