నాగపళమా, నేరేడా, జంబునా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అత్తది నగరి పక్కన పల్లె, ఆమె నేరేడుపండుని నాగపళం అంటాది. మా ఆయన పనిచేసేది కుప్పంలో, ఆడ కొందరు నేరళె అంటారంట. నర్సరీలో నేరేడు కావాలంటే ఇదే జంబు అని మొక్క ఇచ్చినారు. మూడేండ్లకి కాసింది, చూస్తే గంటల మాదిరి గులాబీ రంగు కాయలు, కొరికితే అంతా నీళ్ళే. మోసపోయినామా? మళ్ళీ నేరేడు పెడితే ఆకు రాల్చి చంపుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మోసం అనలేమమ్మా, పేరు దగ్గరే తిరకాసు. సంస్కృతంలో జంబూ అంటే నేరేడే, పూజలో అయ్యవారు జంబూద్వీపే భరతవర్షే అంటారే, ఆ జంబూనే. మన శ్రీకాళహస్తి వాయులింగం అయితే తిరుచ్చి దగ్గర జంబుకేశ్వరం జలలింగం, అక్కడ స్థలవృక్షం కూడా ఇదే. కానీ నర్సరీల్లో జంబు అంటే ఎక్కువమందికి వాటర్ యాపిల్, మీ ఇంట్లో కాసింది అదే. రెండూ ఒకే జాతి, సిజీజియం (మన లవంగం చెట్టు కూడా ఇందులోదే, నమ్మబుద్ధి కాదు గానీ), కాబట్టి దగ్గరి చుట్టమే ఇంటికొచ్చింది అనుకోండి.

అత్తగారిది కూడా తప్పు కాదు. అరవంలో నావల్ పళం, జనం నోట్లో నలిగి నాగపళం అయింది, నాగుపాముకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేరళె కన్నడం. హిందీలో జామున్, గులాబ్ జామూన్‌లో జామూన్ ఇదే, మన జామకాయ కాదు. ఈమధ్య బ్లాక్‌బెర్రీ అని కూడా రాసి అమ్ముతున్నారు, అది మాత్రం నాకు నచ్చదు, అసలు బ్లాక్‌బెర్రీ ముళ్ళపొద, చెట్టే కాదు. సైన్సువాళ్ళూ తక్కువ తినలేదు, 1753లో లిన్నేయస్ మిర్టస్ కుమిని అన్నాడు, తర్వాత యూజీనియా జంబొలానా అన్నారు, 1912లో సిజీజియం కుమిని అయ్యి ఇప్పటికి అదే నడుస్తోంది.

ఈసారి మొక్క కొనేటప్పుడు పేరు అడక్కండి, ఆకు నలిపి వాసన చూడండి. నేరేడు ఆకు కొంచెం టర్పెంటైన్ వాసన కొడుతుంది, కాడ స్పష్టంగా ఉంటుంది. వాటర్ యాపిల్ ఆకు దానికన్నా బాగా పెద్దది, కాడ ఉందా లేదా అన్నట్టుంటుంది. విత్తనం మొక్క అయితే కాపుకి ఎనిమిది పదేళ్ళు ఆగాలి, అంటు మొక్క నాలుగైదేళ్ళకే వస్తుంది, అంటు మొక్కే తీసుకోండి.

ఆకు సంగతంటారా, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, చలికాలం చివర కొంత రాలుస్తుంది గానీ బోడి అవ్వదు. అసలు బాధ ఆకుతో కాదు, జూన్ జులైలో పండ్లతో, కిందపడి చితికితే గచ్చు మీద ఊదా మరక ఒక పట్టాన పోదు, బండి పెట్టే చోట మాత్రం నాటొద్దు. చెట్టు కూడా ఇంటిని మించి ఎదుగుతుంది, గోడకి దూరంగా పెరట్లో పెట్టండి.

గింజల పొడి తింటే షుగర్ పోతుందని అత్తగారు మాత్రలు ఆపేస్తే మాత్రం ఒప్పుకోకండి. పండు తింటే కడుపులో వెంట్రుకలు కరుగుతాయనేది మా నాయనమ్మ కూడా చెప్పేది, అదీ అంతే, ఉప్పు చల్లుకుని రుచి కోసం తినండి చాలు.